రింగు తిప్పితే బరువు ఎటు పోతుంది? కారు సస్పెన్షన్ సర్దుబాటు, నాలుగు చక్రాల తూకం

సంక్షిప్తంగా

ఎత్తు మార్చుకునే సస్పెన్షన్ కిట్లు (కాయిలోవర్లు) ఇప్పుడు మామూలు హ్యాచ్‌బ్యాక్‌లకూ దొరుకుతున్నాయి. వాటిలో స్ప్రింగును మోసే రింగులు తిప్పితే కారు బరువు ముందుకో వెనక్కో జరుగుతుందన్నది బాగా పాకిన అపోహ. ముందు-వెనక వాటా, కుడి-ఎడమ వాటా రింగులతో చెప్పుకోదగ్గంతగా మారవు. మారేది ఐమూలగా ఉన్న రెండు చక్రాల జంటల మధ్య పంపకం. కంపెనీ స్ప్రింగులున్న కారులో ఈ పంపకం గురించి పట్టించుకోవాల్సిన పని దాదాపు ఉండదు. గట్టి స్ప్రింగులు, తిప్పుకునే రింగులు వచ్చాకే అది సమస్య అవుతుంది. అప్పుడు కొన్ని మిల్లీమీటర్ల తేడా కూడా బ్రేకు కొట్టినప్పుడు, మలుపు తిరిగినప్పుడు తెలుస్తుంది.

ఒకే డబ్బాలో మూడు పనులు

కాయిలోవర్ అంటే స్ప్రింగు, దాని మధ్యలో షాక్ అబ్జార్బరు కలిసి ఒకే ముక్కగా ఉండే అమరిక. ఆ మాటకొస్తే కంపెనీ నుంచి వచ్చే మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ కూడా అలాంటిదే. ఫోర్డ్ ఇంజినీరు ఎర్ల్ మ్యాక్‌ఫర్సన్ రూపొందించిన ఈ పద్ధతి 1950 నాటి ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లతో బాగా వాడుకలోకి వచ్చింది. స్విఫ్ట్, ఐ20, పోలో, టియాగో లాంటి కార్ల ముందు చక్రాలకు ఉండేది ఇదే. కంపెనీ స్ట్రట్‌లో స్ప్రింగు కూర్చునే పళ్లెం వెల్డింగు చేసి ఉంటుంది, కదలదు. కిట్‌లో దాని బదులు బయటి గొట్టం పొడవునా మరలు ఉంటాయి. ఒక రింగు స్ప్రింగును మోస్తుంది, దాని కింద ఇంకో రింగు లాక్ చేస్తుంది. సీ స్పానర్‌తో ఈ రెండింటినీ తిప్పడమే ఎత్తు సర్దుబాటు.

గందరగోళం మొదలయ్యేది ఇక్కడే. అదే కిట్‌లో మూడు వేర్వేరు సర్దుబాట్లు ఉంటాయి: కారు ఎత్తు, స్ప్రింగు ప్రీలోడ్ (కారు బరువు పడకముందే స్ప్రింగును ఎంత నొక్కి ఉంచామన్నది), షాక్ అబ్జార్బరు బిగువు. అమ్మేవాళ్లు మూడింటినీ కలిపి ‘ఫుల్లీ అడ్జస్టబుల్’ అనేస్తారు. కొన్నవాళ్లు ఎత్తు తగ్గించి, షాక్ అబ్జార్బరు బిగువు మార్చే పైనున్న నాబ్‌ను గట్టి వైపు తిప్పి, సెటప్ అయిపోయిందనుకుంటారు. అసలు స్ప్రింగు గట్టిదనం ఎంతన్నది ఈ మూడింటిలో దేనితోనూ మారదు. అది కావాలంటే స్ప్రింగే మార్చాలి.

స్ప్రింగు గట్టిదనాన్ని మిల్లీమీటరుకు ఎన్ని కిలోలు అని కొలుస్తారు. ఒక ముందు చక్రం మీద 300 కిలోల బాడీ బరువు ఉందనుకుందాం. చక్రం దగ్గర గట్టిదనం మిల్లీమీటరుకు 2 కిలోలైతే బాడీ సెకనుకు దాదాపు 1.3 సార్లు ఊగుతుంది. మామూలు కార్లు ఈ దరిదాపుల్లోనే ఉంటాయి. గట్టిదనాన్ని 5 కిలోలకు పెంచితే ఆ లెక్క సెకనుకు 2 దాకా వెళ్తుంది. అది ట్రాక్ మీదికి సరిపోయే సంఖ్య. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా రోజూ వెళ్లొచ్చేవాళ్లకు నడుం నొప్పి పుట్టించే సంఖ్య కూడా అదే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. స్ప్రింగు మీద రాసి ఉన్న అంకె చక్రం దగ్గరి అంకె కాదు. స్ప్రింగు చక్రానికి ఎంత లోపలగా ఉంటే దాని బలం చక్రం దగ్గర అంత తగ్గుతుంది, అదీ వర్గం లెక్కన. చక్రం 10 మి.మీ. కదిలినప్పుడు స్ప్రింగు 7 మి.మీ. మాత్రమే నొక్కుకుంటే, 6 కిలోల స్ప్రింగు చక్రం దగ్గర 3 కిలోల కంటే కాస్త తక్కువే. మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్‌లో ఈ తేడా కొద్దిగా ఉంటుంది. వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే, మెలితిరిగే దూలం) ఉన్న కార్లలో స్ప్రింగు లోపలికి ఉంటుంది కాబట్టి తేడా ఎక్కువ. ముందు 6, వెనక 6 కిలోల స్ప్రింగులు వేశాం కాబట్టి బ్యాలెన్స్ కుదిరిందని చెప్పే లెక్క అందుకే నిలబడదు.

ముందు, వెనక ఊపుల మధ్య కూడా ఒక పొత్తు ఉండాలి. రోల్స్ రాయిస్ నుంచి జనరల్ మోటార్స్‌కు వెళ్లిన మారిస్ ఓలీ అనే ఇంజినీరు 1930లలో దీన్ని పరిశీలించాడు. గతుకు ముందు చక్రాలకు మొదట తగులుతుంది, వెనక చక్రాలకు క్షణం ఆలస్యంగా తగులుతుంది. వెనక ఊపు ముందు ఊపు కంటే కొంచెం వేగంగా ఉంటే వెనకభాగం ముందుభాగాన్ని అందుకుంటుంది, కారు ముక్కు పైకీ కిందికీ తూగడం త్వరగా ఆగుతుంది. రోడ్డు కార్ల తయారీలో ఇప్పటికీ ఈ సూత్రం పనిచేస్తోంది. వెనక కంటే ముందు స్ప్రింగును బాగా గట్టిగా పెట్టిన కిట్‌లలో కారు హైవే మీద గుర్రంలా తలాడించడానికి ఒక కారణం ఇదే.

ప్రీలోడ్‌తో స్ప్రింగు గట్టిపడదు

షెడ్డులో తరచూ వినిపించే మాట: ‘రింగు ఇంకో రెండు చుట్లు ఎక్కించండి, స్ప్రింగు టైట్ అవుతుంది.’ ఒకే గట్టిదనంతో చుట్టిన మామూలు స్ప్రింగు విషయంలో ఇది తప్పు. మిల్లీమీటరుకు 5 కిలోల స్ప్రింగు మీద 300 కిలోలు పడితే 60 మి.మీ. నొక్కుకుంటుంది. కారుకు బిగించే ముందే రింగుతో 10 మి.మీ. నొక్కి ఉంచితే, మొదటి 50 కిలోల బరువుకు అది కదలదు. మిగతా 250 కిలోలకు 50 మి.మీ. నొక్కుకుంటుంది. మొత్తం చూస్తే 60 మి.మీ.యే. ఆ తర్వాత ప్రతి మిల్లీమీటరుకూ అదే 5 కిలోలు. కారు 10 మి.మీ. పైకి లేచింది, అంతే.

దాంతో మారేది ప్రయాణం పంపకం. చక్రం గుంతలోకి దిగడానికి ఉన్న చోటు 60 నుంచి 50 మి.మీ.కి తగ్గింది, గతుకు మీద పైకి లేవడానికి ఉన్న చోటు అంత పెరిగింది. తక్కువ ధర కిట్లలో ఎత్తుకూ ప్రీలోడ్‌కూ ఒకే రింగు ఉంటుంది. ఇంకో రకంలో అడుగు బ్రాకెట్ విడిగా తిరుగుతుంది కాబట్టి ప్రీలోడ్‌ను ముట్టుకోకుండా ఎత్తు మార్చవచ్చు. గుంతల రోడ్లకు రెండోది మేలు. కారును కిందికి దించినా షాక్ అబ్జార్బరు లోపలి ప్రయాణం మొత్తం చేతిలో ఉంటుంది.

మంచం కోడు కింద అట్టముక్క

నాలుగు కోళ్ల మంచం ఎగుడుదిగుడు నేల మీద ఆడుతుంటే ఒక కోడు కింద అట్టముక్క పెడతారు. అప్పుడు ఆ కోడు మీద బరువు పెరుగుతుంది. దానికి ఐమూలగా ఉన్న కోడు మీద కూడా పెరుగుతుంది, అక్కడ ఏమీ పెట్టకపోయినా. మిగతా రెండు కోళ్లు తేలికపడతాయి. మంచం మీద పడుకున్న మనిషి మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. తలవైపు ఎంత బరువు ఉందో, కాళ్లవైపు ఎంత ఉందో అదేమీ మారలేదు.

కారు కూడా ఇంతే. ముందు కుడి రింగును ఎత్తితే ముందు కుడి, వెనక ఎడమ చక్రాల మీద బరువు పెరుగుతుంది. ముందు ఎడమ, వెనక కుడి చక్రాల మీద అంతే తగ్గుతుంది. ఇంజిను జరగలేదు, డ్రైవరు జరగలేదు కాబట్టి ముందు ఇరుసు మొత్తం, కుడివైపు మొత్తం ఎప్పటిలాగే ఉంటాయి. ముందు కుడి, వెనక ఎడమ చక్రాల బరువును కలిపి మొత్తం బరువులో శాతంగా చెప్పేదే క్రాస్ వెయిట్. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి దీన్ని 50 శాతానికి తేవడమే కార్నర్ వెయిటింగ్.

ఒక ఉదాహరణ తీసుకుందాం. డ్రైవరుతో కలిపి 1,060 కిలోలున్న హ్యాచ్‌బ్యాక్. కాటాల మీద ముందు ఎడమ 318, ముందు కుడి 342, వెనక ఎడమ 204, వెనక కుడి 196 కిలోలు వచ్చాయి. ముందు మొత్తం 660, అంటే 62 శాతం. ఇంజినూ గేరుబాక్సూ ముందే ఉన్న కారుకు ఇది మామూలే. కుడివైపు మొత్తం 538. డ్రైవరు కూర్చునే వైపు కాబట్టి కాస్త ఎక్కువ. ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 546, అంటే 51.5 శాతం. ఉండాల్సింది 530. కాబట్టి ఈ రెండు మూలల్లో చెరో 8 కిలోలు తగ్గాలి, మిగతా రెండు మూలల్లో చెరో 8 కిలోలు పెరగాలి.

సర్దాక 326, 334, 196, 204 వస్తాయి. ముందు మొత్తం మళ్లీ 660, కుడివైపు మళ్లీ 538. ముందూ వెనకా కుడి-ఎడమల తేడా ఇప్పుడు సమానంగా 8 కిలోలు. కుడివైపు బరువు ఎక్కువున్నంత కాలం నాలుగు అంకెలూ అందంగా సరిపోవు. వాటిని సరిపెట్టాలని రింగుల మీద గంటలు గడిపేవాళ్లు గణితంతో పోట్లాడుతున్నట్టే లెక్క. ముందు రెండు చక్రాలను 330, 330కి తెచ్చి బ్రేకింగ్‌కు ప్రాధాన్యం ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అప్పుడు క్రాస్ వెయిట్ 49.2 శాతానికి దిగి, తేడా అంతా వెనక్కి పోతుంది. రోడ్డు కారుకు ఈ రెండింటిలో ఏదైనా సమర్థించుకోవచ్చు.

కంపెనీ కారుకు ఇది ఎందుకు అక్కర్లేదు

రోజూ లక్షల కార్లు కాటా ఎక్కకుండానే తిరుగుతున్నాయి, వాటికేమీ కావడం లేదు. కారణం మెత్తటి స్ప్రింగులు. ముందూ వెనకా చక్రం దగ్గరి గట్టిదనం సమానమని సులువు లెక్క వేసుకుందాం. ఒక మూల 5 మి.మీ. ఎత్తు తేడా వస్తే, మిల్లీమీటరుకు 2 కిలోల గట్టిదనంతో ఒక్కో చక్రం మీద మారేది 2.5 కిలోలు. గట్టిదనం 5 కిలోలైతే అదే తేడాకు 6.25 కిలోలు. 10 కిలోలైతే 12.5. ఎత్తులో పొరపాటు అదే, దాని ఫలితం మాత్రం స్ప్రింగు గట్టిదనంతో పాటు పెరుగుతూ పోతుంది. రేసు కార్ల వాళ్లు కాటాల దగ్గర అంత హడావుడి పడేది ఇందుకే.

పై ఉదాహరణలో 8 కిలోలు సర్దాలంటే, 5 కిలోల గట్టిదనంతో మొత్తం 6.4 మి.మీ. కావాలి. దాన్ని ఒకే మూలన చేస్తే కారు ఎత్తు వంకరవుతుంది. నాలుగు మూలలకు పంచితే ఒక్కోచోట 1.6 మి.మీ. రెండు మూలలు కిందికి, రెండు పైకి. మర ఒక చుట్టుకు 2 మి.మీ. జరిగేదైతే ఇది ముప్పావు చుట్టు కంటే కొంచెం ఎక్కువ. ఒక్క ముప్పావు చుట్టు. ఫెండరు అంచు నుంచి టేపు పెట్టి కొలిచి ఎత్తు సరిచేశామనేవాళ్లు గమనించాల్సింది ఇదే. ఒకసారి యాక్సిడెంటై డెంటింగ్ చేసిన కారులో ఫెండర్ల అంచులే 5 మి.మీ. తేడాలో ఉండొచ్చు. టేపుతో ఎత్తులు సమానం చేస్తే బరువులు చెదిరిపోతాయి, పైగా చూడ్డానికి అంతా సరిగ్గానే కనబడుతుంది.

చెదిరిన బరువుల ప్రభావం రెండు చోట్ల తెలుస్తుంది. మొదటిది మలుపుల్లో. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కాస్త తక్కువే పెరుగుతుంది. కాబట్టి ఒక ఇరుసు మీది రెండు టైర్ల మధ్య బరువు తేడా పెరిగేకొద్దీ ఆ ఇరుసు మొత్తం పట్టు తగ్గుతుంది. ముందు కుడి, వెనక ఎడమ జంట బరువెక్కిన కారు ఎడమకు తిరిగేటప్పుడు ముక్కు బయటికి జారాలని చూస్తుంది, కుడికి తిరిగేటప్పుడు వెనకభాగం తేలికవుతుంది. ఒకవైపు మొండి, ఇంకోవైపు చురుకు. రెండోది గట్టి బ్రేకులో. ముందు చక్రాల్లో తేలికైనది ముందుగా జారబోతుంది, ఏబీఎస్ ఆ వైపు ముందు పనిచేయడం మొదలుపెడుతుంది, తడి రోడ్డు మీద మరీ త్వరగా. నగరంలో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారులో 1 శాతం క్రాస్ వెయిట్ తేడాను ఎవరూ పట్టుకోలేరు. దాని కోసమే వేలు ఖర్చుపెట్టడం అనవసరం.

కాటా ఎక్కించే ముందు

కాటాలు ఖరీదైనవైనా నేల సరిగ్గా లేకపోతే కొలత చెత్తే. నేలలో 5 మి.మీ. ఎగుడుదిగుడు ఉంటే అది రింగులో 5 మి.మీ. తేడా ఉన్నట్టే కాటా మీద కనబడుతుంది. పైన వేసిన లెక్కే వర్తిస్తుంది. నేల లోపాన్ని రింగులతో సరిచేసి, చదునైన రోడ్డు మీద వంకరైన కారును నడపడం జరిగే పనే. లేజర్ లేని చోట తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన నీళ్ల పైపు చాలు. నాలుగు కాటాల పైభాగం ఒకే మట్టంలో ఉందో లేదో అది మిల్లీమీటరు తేడాలో చెప్పేస్తుంది. తక్కువున్నచోట పల్చటి రేకులో టైల్స్ ముక్కలో పెట్టి సరిచేస్తారు.

టైర్లలో గాలి నాలుగింటా చెప్పిన మేరకు ఉండాలి. పెట్రోలు సగం ట్యాంకు ఉంచుతారు. డిక్కీలో రోజూ ఉండే సామాను, స్టెప్నీతో సహా, ఉన్నచోటే ఉండాలి. డ్రైవరు సీట్లో డ్రైవరు ఉండాలి లేదా అంతే బరువున్న బియ్యం బస్తా. 70 కిలోల మనిషి కుడి సీట్లో కూర్చుంటే ఆ బరువు నాలుగు చక్రాల మీదా పడుతుంది, కాకపోతే కుడివైపు రెండింటి మీద ఎక్కువ. ఖాళీ కారును 50 శాతానికి తెచ్చి, మనిషి ఎక్కగానే చెదిరిపోయిందని ఆశ్చర్యపోవడం కాటా దగ్గర మామూలుగా చూసే దృశ్యం.

యాంటీ రోల్ బార్ లింకులను ఒకవైపు ఊడదీయాలి. ఆ రాడ్డు కుడి-ఎడమ చక్రాలను కలిపి మెలితిప్పే స్ప్రింగు కాబట్టి, అది బిగువులో ఉంటే తన వంతు బరువును కలిపి చూపిస్తుంది. షాక్ అబ్జార్బర్ల నాబ్‌లను మెత్తటి వైపు తిప్పేస్తారు. రింగు తిప్పిన ప్రతిసారీ కారును కాటాల మీది నుంచి దించి, కాస్త ముందుకీ వెనక్కీ తోసి, బానెట్ మీదా డిక్కీ మీదా రెండుసార్లు నొక్కి, మళ్లీ ఎక్కిస్తారు. లేకపోతే జాకీ మీది నుంచి దించిన టైరు పక్కకు లాగి పట్టుకుని ఉంటుంది, బుష్‌లు బిగుసుకుని ఉంటాయి, ఒకే కారు రెండుసార్లకు రెండు అంకెలు చూపిస్తుంది.

కిందికి దించితే మొదట తగిలేది స్పీడ్ బ్రేకర్

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉండాలి. దాని వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. 2.45 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న హ్యాచ్‌బ్యాక్ దాని నడినెత్తిన ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ వంపు మీదే ఉంటాయి. కారు పొట్ట కిందికి వంపు పొడుచుకొచ్చేది 44 మి.మీ. మాత్రమే. గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ. అయితే ఇంకా 119 మిగులుతుంది. 40 మి.మీ. దించినా 79 ఉంటుంది. నలుగురు ఎక్కితే, దిగేటప్పుడు స్ప్రింగు నొక్కుకుంటే అందులోంచి ఇంకొంత పోతుంది, అయినా దాటవచ్చు.

కాలనీ వాళ్లు సొంతంగా వేసుకున్న బ్రేకర్ కథ వేరు. అది మీటరు వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు ఉందనుకుంటే, ముందు చక్రాలు దాటేశాక వెనక చక్రాలు ఎక్కేలోపు మొత్తం 150 మి.మీ. కారు పొట్ట కిందే ఉంటుంది. కంపెనీ ఎత్తులో ఉన్న ఖాళీ కారుకే మిగిలేది 13 మి.మీ. దించిన కారు తగలక తప్పదు. తెలుగు రాష్ట్రాల ఊళ్లలో ఈ రెండో రకానికి కొదవలేదు కాబట్టి, రోజూ తిరిగే కారు ఎత్తును నిర్ణయించాల్సింది ఫెండరుకూ టైరుకూ మధ్య ఖాళీ ఎంత ఉందన్న అందం లెక్క కాదు, ఇంటి దారిలో ఉన్న అతి చెడ్డ బ్రేకర్.

రెండో ఇబ్బంది కంటికి కనిపించదు. మ్యాక్‌ఫర్సన్ అమరికలో చక్రాన్ని బాడీకి కలిపే కింది ఆర్మ్ మామూలుగా చక్రం వైపు కాస్త కిందికి వాలి ఉంటుంది. కారును దించేకొద్దీ ఆర్మ్ అడ్డంగా, ఆపైన చక్రం వైపు పైకి తిరుగుతుంది. మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు. ఆర్మ్ కోణం మారడంతో అది బాడీ కంటే వేగంగా కిందికి పోతుంది. బరువు కేంద్రానికీ ఆ బిందువుకూ మధ్య దూరం, అంటే బాడీని ఒరిగించే మీట పొడవు, పెరుగుతుంది. 40 మి.మీ. దించితే బరువు కేంద్రం 40 మి.మీ. దిగినా, ఒరిగించే మీట పొడవైపోయింది. దాన్ని ఆపడానికి మళ్లీ గట్టి స్ప్రింగు కావాలి. మరీ కిందికి దించిన కార్లకు అంత గట్టి స్ప్రింగులు అవసరమయ్యేది కొంతవరకు ఈ సొంత తప్పిదాన్ని కప్పడానికే. స్టీరింగు టై రాడ్డు కోణం కూడా అదేపాటి చెడుతుంది. గతుకు తగిలినప్పుడు చక్రం తనంతట తానే కొద్దిగా తిరుగుతుంది, స్టీరింగు చేతిలో కొట్టుకుంటుంది. 15 నుంచి 25 మి.మీ. మధ్య ఆగితే ఈ బాధలు చాలావరకు అదుపులో ఉంటాయి.

అలైన్‌మెంట్ చివర్లోనే

ఎత్తు మారిన ప్రతిసారీ టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం), క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలిన కోణం) మారతాయి. అందుకని ముందు ఎత్తు, తర్వాత కాటాలు, ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్. ఈ వరుస తలకిందులైతే అలైన్‌మెంట్ డబ్బులు రెండుసార్లు పడతాయి. కాటాల దగ్గర ఊడదీసిన యాంటీ రోల్ బార్ లింకును తిరిగి బిగించేటప్పుడు అది లాగకుండా, తొయ్యకుండా బోల్టు దానంతటది దూరాలి. బలవంతంగా బిగిస్తే అప్పటిదాకా సర్దిన తూకం అక్కడే చెడిపోతుంది. పొడవు మార్చుకునే లింకులు ఉంటే పని తేలిక. టార్షన్ బీమ్ ఉన్న వెనక చక్రాలకు టో, క్యాంబర్ మార్చే వీలు సాధారణంగా ఉండదు, పల్చటి షిమ్‌లు పెట్టడం తప్ప.

ఇక నాబ్ క్లిక్‌లు. 30 క్లిక్‌లున్న షాక్ అబ్జార్బరు 16 క్లిక్‌లున్న దానికంటే మంచిదేమీ కాదు. నాబ్ ఒక సూది లాంటి వాల్వును నూనె దారిలోకి దింపుతుంది. చివరి కొన్ని క్లిక్‌ల్లో మార్పు ఎక్కువ, మొదటి వాటిలో తక్కువ. ఒకే నాబ్ ఉన్నవాటిలో ఎక్కువగా మారేది స్ప్రింగు తిరిగి చాచుకునే వేగం. దాన్ని మరీ బిగిస్తే ఏమవుతుందో టోల్ గేటు ముందున్న రంబుల్ స్ట్రిప్స్ మీద తెలుస్తుంది. ఒక గతుకు దగ్గర నొక్కుకున్న చక్రం కిందికి రాకముందే రెండో గతుకు తగులుతుంది, ఆ తర్వాత మూడోది. కారు ఒక్కో మెట్టూ కిందికి కుంగి చివరికి బంప్ స్టాప్ మీద, అంటే సస్పెన్షన్ అంతకు మించి నొక్కుకోకుండా ఆపే ముక్క మీద కూర్చుంటుంది. అప్పుడు తగిలే దెబ్బకు స్ప్రింగు మరీ గట్టిగా ఉందని కారు యజమాని అనుకుంటాడు. తప్పు నాబ్‌ది.

క్లిక్‌లను పూర్తిగా బిగించిన చోటి నుంచి వెనక్కి లెక్కపెట్టడం వాడుక. మధ్యలో మొదలుపెట్టి, తెలిసిన ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో, ముందు ఇరుసుకు రెండు క్లిక్‌లు, తర్వాత వెనకకు రెండు చొప్పున మార్చి చూడటం తప్ప దీనికి దగ్గరి దారి లేదు. ఒకేసారి రెండు చోట్ల మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

బరువు నిజంగానే జరగాలంటే

ముందు-వెనక వాటా మార్చాలంటే వస్తువులే జరపాలి. ట్రాక్ కార్లలో బ్యాటరీని డిక్కీలోకి మార్చేది అందుకే. 12 కిలోల బ్యాటరీ 2 మీటర్లకు పైగా వెనక్కి పోతే ముందు ఇరుసు మీద దాదాపు అంత బరువూ తగ్గుతుంది. మన దగ్గర తెలియకుండానే ఇంతకంటే పెద్ద మార్పు చేసేది సీఎన్‌జీ. సిలిండరు, దాని బ్రాకెట్లు అన్నీ కలిపి కారు బరువు 90 కిలోల దాకా పెరుగుతుంది, అందులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే. కంపెనీ ఫిట్టింగ్ కార్లకు దానికి తగ్గట్టు సస్పెన్షన్ మారుస్తారు. బయట పెట్రోలు కారుకు సిలిండరు బిగించి, వెనక స్ప్రింగులను అలాగే వదిలేస్తే కారు వెనక కుంగుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడతాయి. అలాంటి కారుకు సర్దుబాటు రింగులు నిజంగా ఉపయోగపడతాయి. ఎత్తు తిరిగి వస్తుంది. కానీ బరువు వెనకే ఉంటుంది, ఆ సంగతి టైర్లకూ బ్రేకులకూ తెలుస్తూనే ఉంటుంది.

చట్టం ఎక్కడ నిలబడింది

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. స్ప్రింగుల గట్టిదనం, షాక్ అబ్జార్బర్ల రకం ఆర్‌సీలో రాయరు. అందువల్ల కిట్ బిగించడమే సెక్షన్ 52ను ఉల్లంఘించినట్టా కాదా అన్నది వాదనకు నిలిచే ప్రశ్నే. రోడ్డు మీద ఆపిన అధికారి దగ్గర ఆ వాదన ఎంతవరకు సాగుతుందన్నది ఇంకో సంగతి. ప్రమాదం జరిగితే, ముందే చెప్పని మార్పును చూపి బీమా కంపెనీ క్లెయిమ్‌ను ప్రశ్నించే అవకాశం ఉంది. పాలసీ తీసుకునేటప్పుడే రాతపూర్వకంగా తెలియజేయడం మేలు.

వానాకాలం తర్వాత

కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కొద్దిగా కుంగుతాయి, రబ్బరు బుష్‌లు సర్దుకుంటాయి. కాబట్టి మొదటి తూకం చివరి తూకం కాదు. ఆ తర్వాత వచ్చే ఇబ్బంది బురద. చక్రం విసిరే మట్టీ నీళ్లూ నేరుగా మరల మీద పడతాయి. గొట్టం ఇనుముదై రింగు అల్యూమినియందైతే, తడిలో రెండు లోహాల మధ్య తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. వానాకాలం ముందు మరలను బ్రష్షుతో శుభ్రం చేసి, మరలు పట్టేయకుండా ఆపే యాంటీ సీజ్ పేస్టు రాసి, కాటా దగ్గర వచ్చిన రింగు స్థానాన్ని గొట్టం అడుగు నుంచి కొలిచి ఒక కాగితం మీద రాసుకుంటే రెండో ఏడాది కూడా రింగు చేత్తో తిరుగుతుంది. రెండు వానాకాలాలు పట్టించుకోకుండా వదిలేసిన రింగును సీ స్పానర్ వెనక సుత్తితో కొట్టి తిప్పాలి. సుత్తి దెబ్బకు అది కదిలేది ముప్పావు చుట్టో, రెండు చుట్లో ముందుగా ఎవరూ చెప్పలేరు.